విరిగిన పాదము

2022వ సంవత్సరము ఫిబ్రవరి నెల నడుమ నొకనాటి యుదయమున పెరటిమెట్ల మీది నాచుపై మేము కాలుజారి పడితిమి. పడినప్పుడు నొప్పికంటె సిగ్గే మమ్మెక్కువగ బాధించెను. సాయంకాలమునకు పాదము బూరెవలె నుబ్బుటచే వైద్యుని కడకు పోక తప్పినది కాదు. మనుష్యుని పాదమున 26 ఎముకలు గలవనియు, వానిలో చిటికెనవ్రేలి వెనుకటి యెముక విరిగినదనియు నాయన చెప్పి, సిమెంటుకట్టు కట్టి, ఆరు వారములు కాలు నేల మోపరాదని శాసించెను.

నాటినుండి మంచమే మాకు లోకమయ్యెను. మంచినీళ్ళకొకమారు, కండ్లజోడున కొకమారు పిలిచి మా గృహిణిని వంటయింటికిని పడకగదికిని నడుమ త్రిప్పుచు, వార్తాపత్రికను చేతబట్టి ప్రపంచమునకు తీర్పులు చెప్పుచుంటిమి.

ఫిబ్రవరి 24వ తేదీన రష్యాసేనలు ఉక్రెయిను దేశముమీద దాడి వెడలెను. అంతటితో మా తీర్పులు నిలిచిపోయెను. ఏలయన, మా చెల్లెలి కుమార్తె యా దేశమునందలి ఖార్కివ్ నగరమున వైద్యవిద్య నభ్యసించుచుండెను. ఇచటి ప్రైవేటు కళాశాలల రుసుములకు వెరచి వేలకొలది మన పిల్లలచటికి పోయియుండిరి. చెల్లెలు తన రెండెకరముల మాగాణిని విక్రయించి పిల్లను పంపినప్పుడు, "మంచిపని చేసితివమ్మా" అని మెచ్చుకొన్నవారము మేమే. 1874లో వీరేశలింగము పంతులుగారు బాలికల పాఠశాలను స్థాపించిన ధవళేశ్వరమునకు చేరువనే మా నివాసము. ఆ మాటను సభలయందు మేము చెప్పుకొననినాడు లేదు.

మార్చి 1వ తేదీన ఖార్కివులో కర్ణాటక విద్యార్థి యొకడు ఫిరంగిదాడికి బలియయ్యెను. మరునాడు మన రాయబార కార్యాలయము, భారతీయులెల్లరు తక్షణమే ఆ నగరమును విడువవలెననియు, వాహనములు దొరకనివారు కాలినడకనైనను పోవలెననియు ప్రకటించెను. పెసోచిన్ 11 కిలోమీటర్లు, బాబాయె 12, బెజ్లుదోవ్కా 16. కట్టుకాలిని దిండుమీద నుంచుకొని యా రాత్రియెల్ల మే మా యంకెలనే వల్లించుచుంటిమి. స్నానాలగదికి పోవుటయే మాకు దూరప్రయాణమైన యా దినములలో, పదునెనిమిదేండ్ల వయసున నిల్లు విడిచిన యా పిల్ల వీపున సంచితో చలిలో పెసోచిన్ వరకు నడిచెను.

మార్చి రెండవ వారమున నామె యిల్లు చేరెను. సుమారు 22,500 మంది భారతీయు లట్లు స్వదేశము చేరిరని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. పొక్కులెక్కిన పిల్ల పాదములను వేడినీళ్ళ గిన్నెలో నుంచి చెల్లెలు మౌనముగ కన్నీరు కార్చుచుండెను.

నాలుగు దినములకు మా మంచముచుట్టును కుటుంబసభ జరిగెను. "చదివినది చాలును. మంచి సంబంధము చూచి పెండ్లి చేయుదము" అను మాట మొదట పలికినది ముసలివారెవ్వరును కారు, మేమే. తక్కినవారు తలలూపిరి. పిల్ల కొంతతడవు మా కాలివంక చూచి, "మామయ్యా, కట్టు విప్పిన తరువాత మీరు నడువరా?" అని మాత్ర మడిగెను. పిల్లచేష్ట యని మేము నవ్వి యూరకుంటిమి.

మార్చి నెలాఖరున కట్టు విప్పిరి. పిక్కకండ కరగి కాలు కట్టెవలె నుండెను. నేల మోపిన నొప్పియగుచున్నదని మేము మొరపెట్టగా వైద్యుడు, "ఎముక అతికినది. ఇప్పుడు నడువకపోవుటయే యపాయము. వాడని కండ క్షీణించును. నొప్పిని కొంత యోర్చుకొని కొంచెము కొంచెముగ నడువుడు" అనెను. పిల్ల ప్రశ్న మాకప్పుడర్థమయ్యెను.

2020లో మహమ్మారి వేళ మా కుమారుని యుద్యోగము పోయినప్పుడు, "మరల ప్రయత్నింపు" మంటిమి గాని "ఇక చాలు" నని యనలేదు. అదే యాపద పిల్లకు రాగా చాలునంటిమి. దానికి వాత్సల్యమని పేరు పెట్టితిమి. నిజమునకది మా భయము. ఆమె మరల దూరమేగినచో మరల రాత్రులు మేల్కొనవలసివచ్చునను మా స్వార్థము. ఉపన్యాసములయందు మేము నడచిన దూరము చాలయే గాని, ఇంటిలో నొక్క యడుగును వేయలేకపోయితిమి.

ఆ సాయంకాలమే చెల్లెలిని పిలిచి, మా మాట తప్పని యందరియెదుట నొప్పుకొంటిమి. సెప్టెంబరు 6న జాతీయ వైద్య కమిషను, ఉక్రెయిను విద్యార్థు లితర దేశముల విశ్వవిద్యాలయములలో చదువు కొనసాగించుట కాక్షేపణ లేదని ప్రకటించెను. ఆ యవకాశముతో పిల్ల మరల ప్రయాణమయ్యెను. రాజమహేంద్రవరము స్టేషనులో ఊతకర్రతో ప్లాట్‌ఫారము చివరవరకు ఆమె వెంట నడిచితిమి.

వానకాలమున నా యెముక నేటికిని సలుపును. సలిపినప్పుడెల్ల ఇంటిలో నెవరికైన "చాలు" నంటిమా యని యొక్కమారు తలచుకొందుము. మంచినీళ్ళను మాత్రము నాటినుండి మేమే తెచ్చుకొనుచున్నాము.