తాటిచెట్టు క్రింద ఒక దినము

తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను కల్లే యందురని మనవారి సామెత. దుస్సంగత్యము కూడదని చెప్పుటకు ఇంతకంటె సులభమైన దృష్టాంతము దొరకదు గనుక ఇరువదియేండ్లుగ ఈ సామెతను మేము తరగతిలో వివరించుచున్నాము. అయితే వివరించు మేము ఆ చెట్టు క్రింద నెన్నడైన కూర్చుంటిమా యను ప్రశ్న గడచిన మాఘమాసము వరకు మాకు తోచలేదు. తోపించినవాడు మా యెనిమిదవ తరగతి విద్యార్థి యొకడు.

ఆనాడు మద్యపాననిషేధమునుగూర్చిన పాఠము జరుగుచుండెను. త్రాగుడువలన కలుగు నష్టములేవియని ప్రశ్నింపగా బాలురందరును పోటీపడి చేతులెత్తిరి. మూడవ బల్లమీది బాలుడు మాత్రము తలయెత్తలేదు. పాఠము చదువలేదని తలచి మేము వానినే లేపితిమి. వాడు లేచి, "మా నాయిన కల్లు గీస్తడు సార్. ఆ పైసలతోనే నేను చదువుకుంటున్న" అనెను. తరగతి గొల్లున నవ్వెను. మేము నవ్వలేదు, కాని బదులును చెప్పలేదు. ఇంతలో గంట మ్రోగెను. ఉపాధ్యాయుల గౌరవమును గంటలు కాపాడినన్ని మారులు పాండిత్యము కాపాడియుండదు.

నాలుగు దినములైన పిదప ఆ బాలుడే మాయొద్దకు వచ్చి, "మా నాయిన మిమ్ములను ఒక్కసారి మా ఊరికి రమ్మన్నడు సార్. చూసినంక పాఠం చెప్పమన్నడు" అని తల వంచుకొని నిలిచెను. ఇది ఆహ్వానమా, ఆక్షేపణమా యని కొంతసేపు విచారించి, రెండును కావచ్చునని ఒప్పుకొంటిమి.

మా బాల్యమున మా తండ్రిగారు కల్లుకాంపౌండు కనబడినంతనే మా చేయి పట్టుకొని వీధి ఆవలిప్రక్కకు దాటించెడివారు. ఆ వాసనయే దోషమని మా నమ్మకము. పెద్దవారమై ఆంగ్లము నేర్చినపిమ్మట, ఫ్రాన్సు, ఇటలీ దేశములలో పురాతనములైన ద్రాక్షాసవశాలలను యాత్రికులు తీర్థములవలె దర్శింతురనియు, నేలమాళిగలలోని పీపాలను చూచి, గాజుపాత్రలో కొంచెము పోయించుకొని, వాసన చూచి, పుక్కిలించి, వేరొక పాత్రలో నుమియుదురనియు చదివితిమి. జార్జియా దేశమున మట్టిబానలను భూమిలో పాతిపెట్టి ద్రాక్షరసమును పులియబెట్టు పద్ధతి నేటికిని కలదు. ఆ దేశమున ఆసవము చేయుట యెనిమిదివేల యేండ్లనాటిదని త్రవ్వకములలో దొరకిన కుండపెంకులు సాక్ష్యమిచ్చుచున్నవి. ఇవి చదువునపుడు మాకు దోషము తోచలేదు సరికదా, నాగరకతయని తోచెను. సముద్రములకావలి కుండ నాగరకత, వీధికావలి కుండ దోషము! ఇట్టి చదువును చదివినవారమై మేము ఒక శనివారము సాయంకాలము కాజీపేటలో రైలెక్కి రఘునాథపల్లిలో దిగితిమి. ఆ రాత్రి వారింటనే భుజించి, వారి వాకిటనే పరుండితిమి.

వేకువజామున బాలుని తండ్రి మమ్ము లేపెను. "పొద్దుగాల్ల పోతెనే నీరా దొరుకుతది సారూ. పొద్దెక్కినంక పోతె కల్లే" అని ఆయన ముందు నడచెను. మంచులో తాటివనము స్తంభములే మిగిలిన మండపమువలె కనబడెను. అమరకోశము తాళవృక్షమును తృణరాజమని పేర్కొన్నది. మేము దీనిని కవిసమయమనుకొనుచుంటిమి. కాని నేటి వృక్షశాస్త్రమును తాటిని, గడ్డిని, వరిని ఏకదళబీజముల వర్గములోనే చేర్చినది. తాటి నాటినవాడు పదునైదేండ్లకు గాని ఫలము చూడడు. అందుచేత మనము చూచు వనములు చాలవరకు తాతలు నాటినవే. కట్టడము లేదు, నేలమాళిగ లేదు, పీపాలు లేవు. అయినను, ఈ ప్రాంతమున పురాతనమైన ఆసవశాల ఏదియని ఎవరైన నడిగినచో ఈ చెట్లనే చూపవలసియుండును.

ఆయన నడుమునకు ముత్తాదు బిగించి, కత్తులు దోపుకొని, మోకును చెట్టుచుట్టు త్రిప్పి వీపునకు తగిలించుకొని, పాదములకు త్రాటిచుట్ట వేసికొనెను. ఎక్కుటకు ముందు చెట్టును తాకి కన్నుల కద్దుకొనుట చూచి మేము కారణమడిగితిమి. "కాటమయ్యను తలుసుకుంట సారూ" అని ఆయన యుత్తరము. వెనుకకు వ్రాలినపుడు మోకు బిగియును. ముందుకు వంగినపుడు సడలును. సడలిన క్షణముననే దానిని మూరెడు పైకి విసరి, కాళ్ళు ముడిచి, మరల వ్రాలవలెను. మేము లెక్కపెట్టుచుండగానే ఆయన అరువదియడుగుల యెత్తున ఆకుల నడుమ మాయమయ్యెను. ఉదయము ఇరువది చెట్లు, సాయంకాలము మరల ఆ యిరువది చెట్లే. మేడారము జాతర దినమైనను, ఇంట పెండ్లియైనను మానుటకు వీలులేదట; గీత తప్పిన గెల ఎండిపోవునట. ఆయన అన్న కొన్నియేండ్ల క్రిందట చెట్టుపైనుండి జారిపడి నేటికిని మంచముననే యున్నాడు. ప్రభుత్వమువారు 2024లో కాటమయ్య రక్షణ కవచమను పేర, కాలు జారినను మనిషి క్రిందపడకుండ పట్టి నిలుపు నడికట్టును త్రాళ్ళను గీతకార్మికుల కిచ్చుట మొదలిడిరి. అది ఈయనకును అందినది. అన్న పడిన నాటికి లేదు.

పైన ఏమి చేయునో దిగివచ్చి వివరించెను. పోతుతాటి గెలను కట్టగట్టి, మెల్లగ నొక్కి మెత్తబరచి, కొనను పూటపూటకును పలుచగ చెక్కవలెను. చెక్కు మందమైనచో గెల త్వరగ నయిపోవును. పలుచనైనచో రసము కారదు. మేము కలము చెక్కిన దినములు జ్ఞప్తికి వచ్చి, ఆయన కత్తిని చేతిలోనికి తీసికొని చూచితిమి. దాని యంచు మా క్షౌరపుకత్తికంటె వాడిగ నుండెను.

నీరాకై కట్టిన లొట్టికి లోపల సున్నము పూయుదురు. చెట్టునుండి జారు రసములో నూటికి పది పండ్రెండు పాళ్ళు చక్కెరయే. గాలిలోని ఈస్టుకణములు దానిలో పడిన క్షణమునుండియే చక్కెర మద్యముగ మారుట మొదలిడును. సున్నము ఆ మార్పును కొంతసేపు అడ్డును. 1866లో ద్రాక్షాసవములకు వచ్చు తెగుళ్ళనుగూర్చి లూయీ పాశ్చరు పండితుడు ప్రకటించిన గ్రంథమును కళాశాలలో మేము శ్రద్ధగ చదివితిమి. ఈ గౌడన్న పాశ్చరు పేరు వినియెరుగడు. కాని ఏ లొట్టి ఎన్ని గడియలకు తీపి తప్పునో వాసనచేత చెప్పగలడు.

తాటియాకును దొప్పగ మడచి, దానిని రేకయందురు, ఆయన నీరా పోసెను. చల్లగ, తియ్యగ, కొంచెము పొగవాసనతో, లేతముంజెను తలపించుచు నుండెను. రెండు రేకలు త్రాగి మూడవదానికి దొప్ప చాచితిమి. గాంధీమహాత్ముడు ఈ రసమును కాచి బెల్లము చేయుటను ప్రోత్సహించెను గదా యని మా మనస్సు సులభముగ సమాధానపడెను. హైదరాబాదున హుస్సేనుసాగరపు గట్టున 2023లో నీరా కేఫ్ కూడ తెరచినారు. ఇంతవరకు సంస్కర్తలకును గౌడులకును తగవు లేదు.

తగవు పొద్దెక్కిన తరువాతిది. సున్నము లేని లొట్టులు మండువలో దింపగానే కూలీలు, రైతులు ఒక్కొక్కరుగ వచ్చి నేలమీద కూర్చుండిరి. రసము తెల్లబడి నురుగెత్తినది. గౌడన్న మావైపు చూచి, "తాగుమని నేను బలవంతం జెయ్య సారూ. సూడుండ్రి, సాలు" అనెను. మేము చాలసేపు చూచితిమి. తుదకు ఒక రేకలో కొంచెము పోయించుకొంటిమి. పుల్లగ, కొంచెము ఘాటుగ, నాలుకపై చిటపటలాడుచు నుండెను. మ్రింగుటయా, ఫ్రెంచివారివలె నుమియుటయా యను ధర్మసందేహము గలిగెను. అరువది యడుగుల యెత్తునుండి ప్రాణమునకు తెగించి తెచ్చినదానిని ఆయన యెదుట నుమియుటకు మాకు నోరు రాలేదు. మ్రింగితిమి. చదువరులలో మమ్ము నిందింపదలచినవారు నిందింపవచ్చును. మా తండ్రిగారు జీవించియున్న నిందించియే యుందురు.

కాని అంతటితో మా పాఠము తప్పని ఒప్పుకొంటిమనుకొనరాదు. పాఠములకు శక్తి కలదని మాకు తెలియును. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతికి వచ్చిన స్త్రీలు వాచకములోని యొక పాఠము చదివి, అది తమ కథయే యని గుర్తించి, సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణమద్యనిషేధమునకును దారితీసెను. 1997లో ఆ నిషేధమును సడలించిరనుట వేరు సంగతి. అంతకుముందు 1937లో రాజాజీ ప్రభుత్వము సేలముజిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, మరుసటియేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. ఈ చరిత్రనంతయు మేము మండువలో గౌడన్నకు చెప్పి, 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి కొందరు మరణించిన సంగతియు జ్ఞప్తిచేసితిమి.

ఆయన కోపగించుకొనలేదు. "మందు కలిపినదాన్ని కల్లంటరా సారూ? నేను గీసేటి చెట్లు ఇరువై. ఇరువై చెట్ల కల్లు ఈ వాడకే సరిపోతది. పట్నంల వేలమందికి పోసెటోళ్లకు చెట్లేడున్నయి?" అనెను. లెక్కలలో మేమంత గట్టివారము కాము గాని ఈ లెక్క మాకు వెంటనే బోధపడెను. చెట్టు తన యిష్టము వచ్చినంతయే ఇచ్చును. అంగడికి కావలసినంత ఇయ్యదు. ఆ కొరతను తీర్చుటకే కల్తీదారులు నిద్రమాత్రల మందును రసములో కలుపుదురు. గీచినవాని కల్లు మరునాటికి పులిసి పనికిరాకుండపోవును. సీసాలోని మద్యమునకు ఆ భయము లేదు. అది బెల్టుషాపులో ఎన్నాళ్ళైనను నిలిచి కొనువానికై కాచుకొనును.

మా సంతృప్తి చిరకాలము నిలువలేదు. మండువకు భర్తను వెదకికొనుచు వచ్చిన యొక కూలిస్త్రీ మా మాటలు వినుచుండెను. "కల్లయినా సీసైనా కూలిపైసలే గద సారూ పోయేటివి" అని ఆమె యెవరినో కాదు, నేలను చూచుచు పలికెను. ఆమె భర్త నవ్వెను, తక్కినవారెవరును నవ్వలేదు. గౌడన్న రేకలను సర్దుటకు లేచెను. ఆమెకు ఏమి చెప్పవలెనో మాకు తోచలేదు. ఈసారి గంటయు మ్రోగలేదు.

మధ్యాహ్నము బాలుడు మమ్ము ఖిలాషాపురము కోటకు తీసికొనిపోయెను. మూలల గుండ్రని బురుజులతో రాతికోట ఊరినడుమ శిథిలమై నిలిచియున్నది. గీతకులమున పుట్టిన సర్వాయి పాపన్న ఔరంగజేబు చక్రవర్తి అవసానకాలమున తలయెత్తి, 1708 ఏప్రిలు మొదటి దినమున, మొహరము సందడిలో నగరము ఏమరియుండగా, మా వరంగల్లుపై పడి దోచుకొనెను. మరుసటియేడు బహదూర్‌షా చక్రవర్తి హైదరాబాదునకు వచ్చినపుడు కానుకలతో దర్శించి మన్ననలు పొందెను. 1710లో మొగలుసేనకు పట్టుబడి మరణదండన పొందెను. ఆనాటి పారసీక చరిత్రకారులు బందిపోటనిరి, పాటకులు వీరుడనిరి. బాలుడు బురుజునెక్కి, "పాపన్న మా తీర్గనే తాళ్లెక్కెటోడు సార్" అని గర్వముగ చెప్పెను. తరగతిలో తలయెత్తని పిల్లవాడు వీడేనా యని మాకు సందేహము కలిగెను. వరంగల్లున దోపిడికి గురియైనవారి సంగతి యప్పుడే యెత్తుట న్యాయమనిపించక మేము మిన్నకుంటిమి.

బయలుదేరునపుడు గౌడన్న మా ఫ్లాస్కునిండ నీరా పోసి, "జల్ది పోవాలె సారూ. సున్నమున్నా శానసేపు ఆగది" అని హెచ్చరించెను. ఆయన ఇచ్చినది ఉదయముననే. మేము కోటలో ఎండలో తిరిగినది రెండు గడియలు. రైలు ఆలస్యముగ వచ్చినది మరికొంతసేపు. ఘనపురము దాటినపిమ్మట మా యొడిలోని ఫ్లాస్కు మూత టప్పున లేచి, నురుగు మా పంచెమీద పొంగెను. ఆ వాసన పెట్టెయంతయు నిండెను. ఎదుట కూర్చున్న పెద్దమనిషి మా పూర్వవిద్యార్థి తండ్రి. ఆయన మమ్ము చూచి, ఫ్లాస్కును చూచి, కిటికీవైపు తిరిగెను. "ఇది నీరా అండీ" అంటిమి. "అవునండీ, అవునండీ" అని ఆయన కిటికీలోనుండియే బదులిచ్చెను. సామెత చేసినవాడు ఆ రైలులో ప్రయాణము చేసియుండవలెను.

ఇంటికి రాగానే మా గృహిణి మూత తీసి చూచి, "ఏమండీ, నీరా తెచ్చెదనని గదా పోయితిరి?" అనెను. "ఉదయము నీరాయే" అంటిమి. ఆమె నవ్వి, పారబోయుటకు మనసొప్పక, దానిని రాత్రి నానవేసి రుబ్బిన పిండిలో కలిపెను. మరునాటి యట్లు మెత్తగ, గుల్లగ వచ్చినవి. నాలుగు తిని బడికి పోయితిమి. మూడవ బల్లమీది బాలుడు మమ్ము చూచి తలయెత్తి కూర్చుండెను. పుస్తకమున ఆ పాఠము ఇంకను సగము మిగిలియుండెను.