బూజుకర్ర ఎత్తే ముందు

మార్గశిరం గురువారాల్లో విశాఖ వన్‌టౌన్‌లో కాలు పెట్టే సందుండదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి సందడి కాస్త తగ్గేసరికి సంక్రాంతి పనులు తగులుకుంటాయి. ముందు బూజు దులపాలి. ఈసారి మా ఇంట్లో బూజుకర్ర ఆలస్యంగా కదిలింది. కారకుణ్ణి నేనే.

గోడ మూల గుమ్మడిగింజంత మట్టిపెచ్చు ఒకటి మెల్లగా నడుస్తుంటుంది, మీరూ చూసే ఉంటారు. సెంటీమీటరు పొడవు, రెండు కొసలా చీలిక. అందులో ఉండేది చిన్న రెక్కలపురుగు పిల్ల. తలా, మూడు జతల కాళ్లూ బయటపెట్టి ఇంటిని ఈడ్చుకుపోతుంది. దారి లేకపోతే లోపలే మడతపడి రెండో కొసలోంచి తల పెడుతుంది! పాత సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు దాని తిండి.

నాలుగింటిని హార్లిక్స్ సీసాలో వేసి, గుప్పెడు బూజు పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టాను. "ఇదేటి బాబూ, పండగపూట పురుగుల్ని పెంచుతున్నావా?" అంది పక్కింటి పిన్ని. ఆవిడ ముగ్గుల డబ్బాలోంచే చిటికెడు ఎర్రరంగు అడిగి సీసాలో చల్లాను. రెండు మూడు వారాలకి సంచి రెండు అంచులకీ ఎర్రగీత పడింది. మధ్యభాగం మాత్రం మా వీధి దుమ్ములాగే నల్లగా ఉంది. అంటే ఈ కొత్త వరస కొసలకే పడిందన్నమాట. బయట ఇసుక, నలక ఏది దొరికితే అది. లోపల మాత్రం వట్టి పట్టు. విడిగా కాయ కట్టుకోదు, ఆ సంచినే గోడకి అతికించి అందులోనే ప్యూపా అవుతుంది. రెక్కలొచ్చి ఎగిరిపోయాక ప్యూపా పొర సగం బయటికి వేలాడుతూ మిగులుతుంది.

పిన్ని నవ్వింది గానీ, పక్కనే అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం వాళ్లకి ఇలాంటి పెంపకం కొత్త కాదు. నూకల్లో గూళ్లు కట్టే బియ్యం రెక్కలపురుగుని పెంచి, దాని గుడ్లని కార్డులకి అతికిస్తారు. ట్రైకోగ్రామా అనే చీమతలకాయంత కందిరీగ వాటిలో తన గుడ్లు పెడుతుంది. ఆ కార్డు చెరకుతోటలో కడితే, పుట్టిన కందిరీగలు చెరకుని తొలిచే పీకపురుగు గుడ్ల పని పడతాయి.

నా సీసాలో మూడు ఎగిరిపోయాయి, ఒకటి ఇంకా నడుస్తోంది. మీ గోడ మీద కనిపిస్తే చీపురుతో కొట్టేయకండి. సీసాలో వేసి, కాస్త రంగు చల్లి, పిల్లలకి చూపించండి.