కోఠీ, కోఠీ!

హైదరాబాదులో సిటీ బస్సు కండక్టరు "కోఠీ, కోఠీ" అని గొంతు చించుకుంటాడు కదా, ఆ కోఠీ ఏదని ఎప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు లెండి. పాత పుస్తకాల బేరంలో పడి ఏళ్ల తరబడి దాని గోడ పక్కనే తచ్చాడాను. ఉర్దూలో కోఠీ అంటే మేడ. ఒక్క మేడ పేరు పేటంతటికీ అంటుకుంది. ఆ మేడనేమో మనం విమెన్స్ కాలేజీ అంటున్నాం!

ఈస్టిండియా కంపెనీవారి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టిన కట్టడం అది. స్థలం కోసం ఆయన ఇంత పెద్ద పటం గీయించి నిజాం ముందు పరిచాడట. నవాబుగారు ససేమిరా అన్నారు. బిక్కమొహం వేసిన దొరకి నిజాం కొలువులోని మీర్ ఆలం కిటుకు చెప్పాడట: మా రాజ్యం పటమే ఇంత ఉంటుంది, ఒక్క తోటకి అంత చూపిస్తే గుండె గుభేలుమనదూ, చిన్న కాగితం మీద గీసుకురా అని. అలాగే తీసుకెళితే ఇట్టే ఇచ్చేశారట. ఎంత నిజమో గాని, ఆఫీసుల్లో ఫైలు కదిలించినవాళ్లెవరూ దీన్ని కాదనరు. కట్టుబడి ఖర్చు కూడా నిజాందే!

మెట్లకి అటూ ఇటూ సింహాలు, మెడ నొప్పెట్టేంత ఎత్తు స్తంభాలు. సరే, బాగానే ఉంటాయి. నా మనసు మాత్రం వెనక తోటలో ఉంది. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా ఘోషా మనిషి, రంగ్ మహల్ అనే జనానాలో ఉండేది. ముందువైపుకి వచ్చి తన ఇంటిని తను చూసుకునే వీల్లేదు. అందుకని అదే మేడని ఆమె కోసం బొమ్మరిల్లుగా కట్టించాడని చెప్పుకుంటారు. ఎన్నాళ్లు కాపురం చేశాడని! 1805లో కలకత్తా వెళ్లి అక్కడే పోయాడు.

1857 తిరుగుబాటు రోజుల్లో, జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకొచ్చి దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. దొరలు వెళ్లిపోయాక, 1924లో పుట్టిన ఆడపిల్లల కాలేజీ 1949లో ఇందులో దిగింది. దర్బారు హాల్లో బెంచీలు పడ్డాయి. కాలేజీ వల్లే మేడ పాడైందనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. మనుషులు మసలని ఇంటికి గబ్బిలాలే దిక్కు. అలాగని కారే కప్పు కింద పాఠాలు వినమనడమూ అన్యాయమే.

రంగ్ మహల్‌ని 19వ శతాబ్దంలోనే పడగొట్టారు. బొమ్మరిల్లు మాత్రం కప్పు కూలినా ఎలాగో ఉండిపోయింది, ఈ మధ్య బాగుచేశారు. లోపలికి వెళ్లే అవకాశం దొరికితే సింహాల దగ్గర ఫొటో దిగి తిరిగొచ్చేయకండి. వెనక్కి నడవండి.