చిరాగ్‌పల్లి రాయి, శుక్రగ్రహం రాయి

హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రోడ్డు మీద జహీరాబాదు దాటి మరికొంత దూరం పోతే, తెలుగుసీమ చివర చిరాగ్‌పల్లి తగులుతుంది. ఊరి సంగతి ఎవరికి తెలిసినా తెలియకపోయినా, అక్కడి చెక్‌పోస్టు లారీ డ్రైవర్లందరికీ తెలుసు. అది దాటితే కర్ణాటకం. ‘చిరాగ్’ అంటే ఉర్దూలో దీపం. ఈ దీపాలపల్లెను చూడాలని పనిగట్టుకు వచ్చేవాళ్లు తక్కువ. నేను మాత్రం రెండింటికోసం వెళ్లాను: పొలాల్లోని రాయికోసం, తెల్లవారుజామున కనిపించే వేగుచుక్కకోసం. ఆ రెండింటికీ చుట్టరికం ఉంది సుమా!

ఇక్కడి నేల కథ పెద్దది. ఒక పక్క నల్లరేగడి, ఇంకో పక్క ఇటుకరంగు ఎర్రమన్ను. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట భూమి నెర్రెలు విచ్చి, లావా పొరలు పొరలుగా పొంగి, బొంబాయి వైపు నుంచి ఇందాకా పరుచుకొంది. శాస్త్రజ్ఞులు దీన్ని దక్కన్ ట్రాప్స్ అంటారు. ఆ నల్లరాయి వానకు నాని, ఎండకు పగిలి, ఒకచోట రేగడి అయింది. మరొకచోట వాన దాని సారాన్ని కడుక్కుపోగా, ఇనుము మిగిలి ఎర్రబారింది. బీదరు కోట చూసినవారికి ఆ ఎర్రరాయి పరిచితమే.

చలికాలం. ఇంకా తెల్లవారలేదు. రోడ్డు పక్క హోటలులో చాయ్ తాగుతూ తూర్పుదిక్కు చూస్తున్నాను. కంబళి కప్పుకొన్న ఒక పెద్దాయన పలకరించాడు.

“ఏం జూస్తున్నరు సారూ?”

“వేగుచుక్కను, తాతా. అక్కడ కూడా మీ చేలకింద ఉన్నలాంటి రాయే ఉందట.”

ఆయన క్షణం ఆలోచించి, “వానలు పడ్తయా మరి?” అన్నాడు.

అరవై ఏళ్లకు పైగా నౌకలు పంపి శాస్త్రజ్ఞులు అడుగుతున్నదీ ఇంచుమించు ఈ ప్రశ్నే!

మన ఇళ్లలో శుక్రుడి పేరు పెళ్లిళ్లప్పుడే వినబడుతుంది. ఆయన సూర్యకాంతిలో మునిగి కనబడకపోతే శుక్రమూఢం. ఇక ముహూర్తాలు లేవు. అయితే తెలుగువారు ఆయన్ని పంచాంగంలోనే కాదు, దుర్భిణిలోనూ చూశారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా నడిచిపోయినప్పుడు, విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుగారు ఆ వింతను పరిశీలించారు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన వేధశాల అది.

కాని ఎంత దుర్భిణి పెట్టినా పైన కనబడేది మబ్బే. శుక్రుడు పరిమాణంలో భూమికి తోబుట్టువు. మబ్బులున్నాయి గనుక నీళ్లూ, నీళ్లున్నాయి గనుక చిత్తడి అడవులూ ఉంటాయని పూర్వం చాలామంది ఊహించారు. 1962 డిసెంబరు 14న అమెరికావారి మారినర్ 2 పక్కనుంచి పోతూ కొలిచిన వేడి ఆ అడవులను ఊహల్లోనే కాల్చేసింది. నేలమీద వేడి సుమారు 460 డిగ్రీలు, సీసం నీరైపోతుంది. గాలి ఒత్తిడి మన గాలికి 90 రెట్లు. మబ్బులో ఉన్నది గంధకామ్లం!

అయినా సోవియట్‌వారు పట్టు విడవలేదు. 1975 అక్టోబరు 22న వెనెరా 9 అక్కడ దిగి, 53 నిమిషాలు బతికి, మొట్టమొదటి ఫొటో పంపింది. 1982 మార్చి 1న దిగిన వెనెరా 13 రంగుల ఫొటోలు పంపింది. 32 నిమిషాలు బతికితే చాలుననుకున్న నౌక 127 నిమిషాలు నిలిచింది. ఫొటోలో ఏముంది? నారింజరంగు వెలుగు కింద, పలకలు పలకలుగా పగిలిన చదునైన రాయి. ఆ చిక్కటి గాలి నీలపు వెలుగును దిగనివ్వదు గనుక ఆ రంగు. నాలుగు రోజుల తరవాత వెనెరా 14 దిగింది. నేల గట్టిదనం చూడడానికి చాచిన చెయ్యి సరిగ్గా ఊడిపడిన కెమెరా మూత మీదే పడింది! కాని రాయిని పరీక్షించిన పరికరం పని నెరవేర్చింది. అది లావా గడ్డకట్టిన నల్లరాయే. మన దక్కన్ రాతికి దాయాది.

ఇక మబ్బుమీదినుంచి నేల చూడాలంటే మామూలు కెమెరా చాలదు. 1990లో శుక్రుణ్ణి చేరిన మాజెల్లాన్ రాడార్ అలలు పంపి, తిరిగొచ్చిన వాటితో నూటికి 98 వంతుల నేలను చిత్రించింది. రాడార్ చిత్రంలో తెలుపంటే వెలుగు కాదు, సామాన్యంగా గరుకుదనం. దున్నిన చేను తెల్లగా, తారురోడ్డు నల్లగా కనబడుతుందన్నమాట. ఆ చిత్రాల్లో వేలకొద్దీ అగ్నిపర్వతాలు, పేరుకున్న లావా మైదానాలు. అక్కడి స్థలాలకు దాదాపు అన్నీ స్త్రీల పేర్లే. ఒక పీఠభూమికి మన లక్ష్మి పేరు, ఒక పర్వతానికి ఉషస్సు పేరు, ఒక గోతికి డాక్టర్ ఆనందీబాయి జోషి పేరు పెట్టారు.

పాత చిత్రాలు కొత్త సంగతులు చెప్పడం ఇంకా విశేషం. మాజెల్లాన్ 1991లో ఎనిమిది నెలల తేడాతో తీసిన రెండు చిత్రాలను పోల్చి చూస్తే, మాట్ మోన్స్ అనే పర్వతం మీద ఒక బిలం రెట్టింపుకు దగ్గరగా పెరిగి, ఆకారం మార్చుకొంది. ఆ సంగతి 2023లో వెల్లడయింది. అంటే అక్కడి అగ్ని ఆరిపోలేదు. 2020, 2021లో సూర్యుడి వైపు పోతున్న పార్కర్ నౌక, ఆ గ్రహం చీకటివైపున నేల కాలిన ఇనుములా మసకగా మెరుస్తుండడం మబ్బులోంచే ఫొటో తీసింది.

మరి వానలు పడతాయా? పడతాయి, కాని ఆ ఆమ్లపు చినుకు నేలను తాకకముందే ఆవిరైపోతుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. మన వాన గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించి తెస్తుంది. చివరికి అది సముద్రాల్లో సున్నపురాయి అవుతుంది. మన ఇళ్లలో పరిచే తాండూరు బండ అలాంటిదే. శుక్రుడి మీద ఆ వాయువును రాయిగా బంధించే నీరు లేదు. అందుకే గాలిలో నూటికి 96 పాళ్లు అదే. వేడి బయటికి పోనివ్వని కంబళిలా కప్పుకొని ఉంది. ఒకప్పుడు నీళ్లుండి ఆవిరైపోయాయా, మొదటినుంచీ నిలవలేదా అన్నది ఇంకా తేలలేదు.

దాన్ని తేల్చడానికి మనమూ పూనుకొన్నాం. శుక్రుడి చుట్టూ తిరిగే నౌకకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రయోగానికి 2028 మార్చి అనుకొన్నారు.

ఈ లోపల బొంబాయి రోడ్డున పోయేవారు జహీరాబాదు దాటాక ఒకసారి బండి ఆపి, కందిచేను గట్టున పిడికెడు మన్ను తీసి చూడండి. అదే జాతి రాయి అక్కడ పలకగానే మిగిలింది. ఇక్కడ అన్నం పెడుతోంది. మధ్య ఉన్న తేడా నాలుగు చినుకులే.