చూడమ్మా, ఖాళీ!

హన్మకొండలోని ఆ ఇంట్లో నెల రోజులపాటు ఒకటే మాట... రైఫిల్! కావాలన్నది పన్నెండేళ్ల మనవరాలు. వద్దన్నది వాళ్లమ్మ. మధ్యలో నలిగింది తాతయ్య.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచిన రోజుల్లో మొదలైందీ ముచ్చట. అంతకుముందు ఏడాదే హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ కూడా హైదరాబాద్‌లో పెరిగినవాడే. ‘మన దగ్గరివాళ్లే కదా తాతయ్యా, నేనెందుకు నేర్చుకోవద్దు?’ అంది పిల్ల.

తాతయ్యకు కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకుని, నేలమీద బోర్లా పడుకుని కాల్చిన రోజులు. గుండ్లు కాగితం మీద ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నదే అక్కడ లెక్క. దాన్నే ‘గ్రూపింగ్’ అనేవారు. చేతికి నిలకడ వస్తే గురి దానంతటదే వస్తుందన్నది ఆయన నేర్చుకున్న పాఠం.

అమెరికాలో ఉంటున్న తమ్ముడు ఫోన్‌లో ఇంకో సలహా ఇచ్చాడు. అక్కడ పిల్లలకు లివర్ యాక్షన్ రైఫిల్‌తో నేర్పించేవాళ్లు చాలామందట. పాత కౌబాయ్ సినిమాల్లో చూస్తాం కదా, ట్రిగ్గర్ కింద ఉన్న పిడిని కిందికీ పైకీ ఆడిస్తే పాత తూటా బయటపడి కొత్తది లోపలికి వెళ్తుంది... అదే! పిల్లలకు నేర్పేవాటిలో ఎక్కువగా వాడేది చిన్న రిమ్‌ఫైర్ తూటా. పేల్చే మందు దాని అడుగు అంచులో ఉంటుంది. చిన్న తూటా కాబట్టి భుజానికి తగిలే తోపు తక్కువ, చప్పుడూ తక్కువే. ‘ప్రతిసారీ లివర్ లాగాలన్నా, పిల్లలు తొందరపడరు’ అన్నాడు తమ్ముడు.

మాట బాగానే ఉంది. కానీ ఆ రకం తుపాకుల్లో చాలావాటికి తూటాలన్నీ గొట్టం కింది గొట్టంలో దాక్కుంటాయి. ఒకటి మిగిలిపోయినా పైకి తెలీదు. చిన్న తూటాయే అయినా గురి తప్పితే కిలోమీటరు దాటి పోగలదు. పైగా మన దేశంలో దానికి లైసెన్సు కావాలి. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు రాదు. పది మీటర్ల పోటీల్లో వాడేది ఎలాగూ ఎయిర్ రైఫిలే. ఒక్కో పెల్లెట్ చేత్తో పెట్టుకుని కాల్చాలి. తాతయ్య మనసు అటే మొగ్గింది.

అప్పుడు నోరు విప్పింది కోడలు. ఆమె పుట్టిల్లు ఏటూరునాగారం వైపు.

‘మామయ్యా, మా ఊళ్లో రాత్రిపూట తుపాకీ మోగితే తెల్లారేదాకా నిద్రపోయేవాళ్లం కాదు. పొద్దున ఎవరింట్లో ఏడుపు వినిపిస్తదోనని చెవులు రిక్కించి కూర్చునేవాళ్లం. ఆ చప్పుడు నా ఇంట్లోకి వద్దు’ అంది.

1990ల్లో ఆ అడవుల పక్కన పెరిగినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. తాతయ్య వాదించలేదు. ‘ఒక్కసారి చూసొద్దాం తల్లీ. నీకు నచ్చకపోతే అక్కడితో వదిలేద్దాం’ అన్నాడంతే.

ఓ ఆదివారం ముగ్గురూ కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌లోని ఓ షూటింగ్ రేంజ్‌కు వెళ్లారు. కోడలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపల పదిమంది పిల్లలు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ‘టప్... టప్’ మని చిన్న చప్పుడు. పది మీటర్ల దూరంలో కాగితం. దాని నడిమధ్య పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు... పెన్సిల్ మొనంత!

కోచ్ ‘స్టాప్’ అనగానే రైఫిళ్లన్నీ ఆగిపోయాయి. పిల్లలు ఒక్కొక్కరూ గొట్టంలోంచి రంగు దారం దూర్చారు. ‘ఎందుకది?’ అడిగింది కోడలు. ‘లోపల పెల్లెట్ లేదని అందరికీ కనిపించాలి మేడమ్. నోటితో చెబితే చాలదు’ అన్నాడు కోచ్. ఆమె చాలాసేపు ఆ దారాలకేసే చూస్తూ ఉండిపోయింది.

పోటీ రైఫిళ్ల ధర లక్షల్లో ఉంటుంది. అందుకే మొదటి ఏడాది రేంజ్‌లోని రైఫిల్‌తోనే సాధన. పిల్ల రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందులోంచి గోడ గడియారాన్ని చూసి, ఒక్కో కన్నూ మూసి పరీక్షించుకుంది. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే కనిపిస్తే ఆ కన్నే గురి కన్ను. వెనుక దిమ్మ మోచేతి మడతలో ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌కు అందాలి, అప్పుడే ఆ రైఫిల్ ఒంటికి సరిపోయినట్టు. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్ డబ్బా తెరవాలి.

ఏడాది గడిచాక ఇంట్లోకి ఓ పాత ఎయిర్ రైఫిల్ వచ్చింది. దానికి పక్కన లివర్ ఉంది. ‘మొత్తానికి నా మాటే నెగ్గింది’ అని ఫోన్‌లో నవ్వాడు తమ్ముడు. బీరువా తాళంచెవి మాత్రం కోడలి కొంగునే.

పెరట్లో గోడ ముందు ఇనుప పెట్టె, అందులో కాగితం. కాల్చడం అయిపోగానే పిల్ల లివర్ తెరిచి, గొట్టంలోంచి దారం దూర్చి వంటింటి గుమ్మం దగ్గరికి వస్తుంది.

‘చూడమ్మా, ఖాళీ!’

అమ్మ స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, గొట్టం రెండు కొసల్లోనూ దారం చూస్తుంది. ఆ తర్వాతే తాళంచెవి తీస్తుంది.