గరివిడి నల్లరాయి

విజయనగరం నుంచి రాయగడ వెళ్ళే రైలు మార్గంలో గజపతినగరం ఒక స్టేషన్. ఊరి పక్కనే చంపావతి నది. వేసవి కావడంతో నీటికన్నా ఇసుకే ఎక్కువగా కనిపించింది. మా మదరసా విద్యార్థి ఒకరి తండ్రి ఆహ్వానంపై మేము అక్కడికి వెళ్ళాము.

భోజనానంతరం ఆయన గుడ్డలో చుట్టిన నల్లని రాయిని మా ముందుంచారు. "హజ్రత్! ఇది వెనేడియం రాయట, లక్షలు పలుకుతుందట. పరీక్ష చేయించడానికి ఒకాయన పదివేలు అడుగుతున్నారు" అన్నారు. ఆ సొమ్ము కోసం ఇల్లాలి గాజులు కుదువ పెట్టాలని అప్పటికే నిశ్చయమైపోయింది. మాకు తెలిసినది అరబ్బీ వ్యాకరణం, ఫిఖ్‌హ్. తెలియని విషయంలో ఫత్వా ఇవ్వరాదు కనుక, గనులలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన వద్దకు ఆయనను తీసుకుని వెళ్ళాము.

ఆ పెద్దాయన అయస్కాంతం తెచ్చారు. రాయి దానికి గట్టిగా అతుక్కుంది. పింగాణీ పెంకు గరుకు భాగంపై గీస్తే ముదురు గోధుమ రంగు చార పడింది. ఎక్కడ దొరికిందని అడిగారు. గరివిడి గని గుట్టల దగ్గర అని జవాబు.

"అయితే ఇది మన మాంగనీసే, మౌల్వీగారూ! కాకపోతే మామూలు మాంగనీసు అయస్కాంతానికి ఇలా అంటుకోదు."

మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో నాటి విశాఖపట్నం జిల్లాలోని ఈ ప్రాంతంలోనే మొదలైంది. భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మార్ ఇక్కడి కొడూరు పేరుతో ఒక శిలకు 'కొడురైట్' అని పేరు పెట్టారు. గరివిడిలోనూ, నాగపూర్ ప్రాంతంలోని బెల్దోంగ్రిలోనూ దొరికిన ఈ అయస్కాంతపు రాయికి 1908లో తన సహోద్యోగి పేరిట 'వ్రెడెన్‌బర్గైట్' అన్నారు. అది ఒకే ఖనిజం కాదని తరువాత తేలింది. భూమి లోతుల్లో తీవ్రమైన వేడిలో ఏకపదార్థంగా ఉన్నది, చల్లారుతున్నప్పుడు జాకబ్‌సైట్, హాస్‌మనైట్ అనే రెండు ఖనిజాలుగా విడిపోయి, సన్నని పలకలుగా పెనవేసుకుంటుంది. అయస్కాంతాన్ని పట్టేది జాకబ్‌సైట్.

మరి వెనేడియం? దాని పేరెన్నికగన్న ఖనిజం వెనేడినైట్. అది ఎర్రని ఆరు పలకల స్ఫటికం. ఎడారివంటి పొడి నేలలలో, సీసపు ఖనిజం పైపొరలు గాలికీ నీటికీ మారినచోట పుడుతుంది. మొరాకోలోని మిబ్లాదెన్ గనులు దానికి ప్రసిద్ధి. ఆ మూలకం కథ కూడా చిత్రమైనదే. 1801లో మెక్సికోలో దెల్ రియో దానిని కనుగొన్నారు; అది క్రోమియమేనని ఇతరులు చెప్పగా నమ్మి తన మాట వెనక్కు తీసుకున్నారు. 1830లో స్వీడన్‌లో సెఫ్‌స్ట్రోమ్ దానిని మళ్ళీ కనుగొన్నారు. పండితులే పొరపడిన చోట, గని కూలి చేసిన ఒక తండ్రి మోసపోబోవడంలో వింతేముంది?

"దీని వెల ఎంత?" అని ఆయన మెల్లగా అడిగారు. "చేతిలో పట్టే రాయికి వెల ఏముంటుంది నాయనా!" అన్నారు పెద్దాయన. దారిలో ఆయన మాతో మాట్లాడలేదు. ఇంటికి చేరగానే పదివేలు అడిగిన వ్యక్తికి ఫోను చేసి, అక్కర లేదని చెప్పారు. లోపలి గదిలో గాజుల చప్పుడు వినిపించింది.

రాయిని అబ్బాయి తీసుకున్నాడు. పెద్దాయన ఇచ్చిన అయస్కాంతానికి దానిని అతికిస్తూ, ఊడదీస్తూ స్టేషన్ దాకా మా వెంట వచ్చాడు.