గోదారికి బాకీ

మా అన్నయ్య కూతురికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండాలి. అంటే ఆదివారం సాయంత్రం తునిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. పిల్లకి ఇరవై రెండేళ్లు. ఒక్కతీ ఇంతవరకూ సామర్లకోట దాటి రైల్లో వెళ్లలేదు. ఫోన్ చేసి అడిగింది: "అత్తా, స్లీపర్ తీసుకోమంటావా, థర్డ్ ఏసీయా? నాన్నేమో స్లీపర్ చాలంటున్నారు. ఆరొందల దాకా తేడా ఉంది."

రేపు చెప్తానన్నాను. నిజానికి జవాబు అప్పుడే నోటి దాకా వచ్చింది. కానీ లెక్క చూపించకుండా చెబితే మా అన్నయ్య ఏదీ ఒప్పుకోడు. ఆ గుణం మా నాన్న నుంచి మా ఇద్దరికీ సమానంగా వచ్చింది. అటక మీంచి పాత పద్దుల పుస్తకాలు దింపాను. 2001 నుంచి రాస్తున్నాను. లెక్కలు రాయడమే నా ఉద్యోగం కూడా కాబట్టి ఇంట్లో దీన్నెవరూ జబ్బు అనరు.

మొదటి పుస్తకం మొదటి పేజీలోనే రైలుంది. 2001 జూన్, హైదరాబాదులో ఒక కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నాన్న ఐదు వందలు చేతిలో పెట్టారు. స్లీపర్‌కీ జనరల్‌కీ వంద చిల్లర తేడా. ఒక్క రాత్రే కదా అని జనరల్ టికెట్టు తీసుకున్నాను. వాష్‌బేసిన్ కింద పేపరు పరుచుకుని కూర్చోడానికి చోటు దొరికింది. చేతులు కడుక్కున్న ప్రతివాళ్ల నీళ్లూ నా ఎడమ భుజం మీద పడ్డాయి. ఖమ్మం దాటాక ఒకావిడ తన పిల్లని నా ఒళ్లో పెట్టి గోడకి ఒరిగి నిద్రపోయింది. ఆ రాత్రి మా ముగ్గురిలో హాయిగా పడుకున్నది ఆ పిల్లే.

పొద్దున్న ఇంటర్వ్యూలో ఒక కాగితం ఇచ్చి, అంకెల వరస కూడమన్నారు. మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. ఉద్యోగం రాలేదు. జీతం 2,200. ఇంకోటి దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు పద్దులో నా చేతిరాతే ఉంది: 'ప్రయాణంలో మిగులు 110.'

ఆ 110 పక్కన ఎర్ర సిరాతో 8,800 అని ఎప్పుడు రాశానో గుర్తులేదు. పెళ్లయ్యాకే అయుంటుంది. మొత్తం పాపమంతా ఆ నూటపదిదే అనను. బాగా నిద్రపోయి వెళ్లినా ఆ ఉద్యోగం రాకపోయేదేమో. కానీ ఆ కూడిక మాత్రం తప్పేదాన్ని కాదు.

రాత్రి ప్రయాణమంటే మనవాళ్లకి ఒక లెక్కుంది. పగలు పాడవదు, లాడ్జి ఖర్చు కలిసొస్తుంది అంటారు. నిజమే, ఆ రాత్రి పడుకుంటే. పడుకోకపోతే ఆ లాడ్జి అద్దె మర్నాటి పగలు కట్టాల్సొస్తుంది. అందుకే నేను టికెట్టు కొనేటప్పుడు ఊరు ఎంత దూరమో చూడను, తెల్లారాక ఏముందో చూస్తాను. పరీక్షో, ఇంటర్వ్యూవో, ఆఫీసులో మొదటి రోజో ఉంటే థర్డ్ ఏసీ. దుప్పటి, దిండు, రెండు తెల్ల పక్కబట్టలు, చేతి తువ్వాలు వాళ్లే ఇస్తారు. పుట్టింటికి వెళ్తున్నానా, స్లీపరే. దిగి ఇంటికెళ్లి అమ్మ ఇచ్చిన కాఫీ తాగి పన్నెండింటి దాకా పడుకుంటాను, నన్నెవరూ కూడికలు అడగరు. కాకపోతే చలికాలమైతే స్లీపర్‌లో కప్పుకునేది మనమే తీసుకెళ్లాలి. మొదటిసారి ఎక్కేవాళ్లు సగం మంది ఇది మర్చిపోయి, విజయవాడ దాటాక చున్నీలో ముడుచుకుని కూర్చుంటారు.

"ఏసీ" అని పిల్లకి మర్నాడు చెప్పేశాను. వెంటనే ఫోన్ అన్నయ్య చేతిలోకి వెళ్లింది.

"ఏమే, మనం ఏసీల్లో తిరిగామా?"

"తిరగలేదు. అందుకే చెప్తున్నాను. తిరిగి ఇంటికొచ్చేటప్పుడు స్లీపర్‌లో రమ్మను, నేనేం అనను."

అవతల కాసేపు మాట లేదు. లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలుసు.

పుస్తకాల్లో డబ్బు పోయిన పేజీలే ఎక్కువ కనిపించాయి. ఆ 110 లాంటిది తప్ప మిగులు పద్దుకెక్కదు కదా, పోయిందే ఎక్కుతుంది. 2023 సంక్రాంతి పేజీ చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పుడు రిజర్వేషన్ 120 రోజుల ముందే తెరిచేవారు. నేను నవంబరులో తీరిగ్గా కూర్చున్నాను. ముగ్గురికి వెయిటింగ్ లిస్టు 41, 42, 43. "పండక్కి అందరూ రద్దు చేసుకుంటారు, దిగిపోతుంది" అని మా ఆయన ధైర్యం. పండక్కి ఎవరైనా ఎందుకు రద్దు చేసుకుంటారో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. చార్టు వేసేసరికి తొమ్మిది దగ్గర ఆగింది. ఆన్‌లైన్ టికెట్టు కాబట్టి అదే రద్దయిపోయి, మనిషికి 60 రూపాయలు, దాని మీద పన్ను పోగా మిగతాది వెనక్కి వచ్చింది. అక్కడి వరకు బాగానే ఉంది. అప్పటికప్పుడు ప్రైవేటు బస్సుకి మనిషికి 2,800. మామూలు రోజుల్లో వెయ్యికి అటూఇటూ ఉండే సీటు. 8,400 కట్టి, దారి పొడవునా వీడియో సినిమా చూస్తూ వెళ్లాం.

2024 నవంబరు నుంచి ఆ 120 రోజులు 60కి తగ్గాయి. అంటే కార్తీక మాసంలో దీపాలు పెట్టుకుంటున్నప్పుడే భోగి టికెట్టు కొనాలి. బుకింగ్ తెరిచే రోజు పొద్దున్న ఎనిమిదింటికి ముందే ఫోన్ పట్టుకుని, పేర్లూ వయసులూ ముందుగానే నింపి పెట్టుకుని కూర్చోవాలి. నేనిప్పుడు ఆ తేదీని కేలండర్‌లో నాగుల చవితి పక్కనే రాసి పెట్టుకుంటాను. రెంటికీ పొద్దున్నే లేవాలి.

తత్కాల్ ఉంది కదా అంటారు. ఉంది. ప్రయాణానికి ముందు రోజు ఏసీకి పదింటికి, మిగతావాటికి పదకొండింటికి తెరుస్తారు. ఇప్పుడు ఆధార్ ధ్రువీకరణ లేనిదే ఆన్‌లైన్‌లో ఇవ్వరు, 2025 జులై నుంచి ఆ రూలు వచ్చింది. స్లీపర్‌కి వంద నుంచి రెండొందలు, థర్డ్ ఏసీకి మూడొందల నుంచి నాలుగొందలు అదనం. నేను దాన్ని అత్యవసరం డబ్బాలోంచే తీస్తాను, ప్రయాణం పద్దులోంచి కాదు. ఒకసారి తత్కాల్‌లో ఖాయమైన టికెట్టు రద్దు చేసుకోవాల్సొచ్చి, ఒక్క పైసా తిరిగి రాదని అప్పుడే తెలుసుకున్నాను.

రద్దు అనేసరికి నా అసలు బలహీనత బయటపడుతుంది. నాకు టికెట్టు రద్దు చేయాలంటే మనసొప్పదు. 2022లో దగ్గర చుట్టాల పెళ్లి వాయిదా పడిందని బుధవారమే తెలిసింది. శనివారం పొద్దున్న రైలు, మావి నాలుగు థర్డ్ ఏసీ టికెట్లు. అప్పటి రూలు ప్రకారం 48 గంటల ముందు రద్దు చేస్తే మనిషికి 180, జీఎస్టీ. మొత్తం 756తో పోయేది. 'ఎలాగూ సెలవు పెట్టాం, అన్నవరం వెళ్లొద్దామా, పోనీ అమ్మని చూసొద్దామా' అని రెండు రోజులు ఊగిసలాడాం. శుక్రవారం రాత్రి అన్నం తిన్నాక రద్దు చేస్తే సగం కోసేశారు. దాదాపు రెండు వేలు. తేల్చుకోలేకపోయినందుకు అదనంగా పోయింది పన్నెండొందల పైచిలుకు. ఇప్పుడు టికెట్టు కొన్న రోజునే, రద్దు చేయాలంటే ఏ తేదీలోపు చేయాలో ఫోన్‌లో అలారం పెడతాను. రద్దు రూళ్లూ చార్టు వేసే వేళా మారుతూ ఉంటాయి కాబట్టి ఆ రోజు రూలేమిటో ఆ రోజే చదువుకోమని పిల్లకీ చెప్పాను. పాత రూలు కంఠస్థం పట్టి మోసపోయేది నాలాంటి లెక్కలవాళ్లే.

ఇంకో పేజీలో 'ఆర్‌ఏసీ, పూర్తి చార్జీ' అని రాసి కింద రెండు గీతలు గీశాను. కోపంతో గీసినవే. బెర్తుకి డబ్బంతా తీసుకుని, సైడ్ లోయర్‌లో ఇద్దరికి సగం సగం ఇస్తారు. నాకు ఎదురుగా కూర్చున్న ముసలావిడ సత్యనారాయణ వ్రతం చేయించుకుని వస్తోంది. సంచిలోంచి విస్తరాకు పొట్లం విప్పి, గోధుమ నూక ప్రసాదం నేతితో నిగనిగలాడుతుంటే సగం నా చేతిలో పెట్టింది. "తిను తల్లీ, ఎలాగూ నిద్ర లేదు" అంది. తిన్నాక కాళ్లు ఆవిడ నా వైపు, నేను ఆవిడ వైపు చాపుకుని ఎలాగో తెల్లవారజేశాం. ఆర్‌ఏసీ వస్తే దిగులు పడొద్దు, రైలెక్కనిస్తారు, దారిలో బెర్తు ఖాళీ అయితే ఇస్తారు. కానీ తెల్లారి ఆఫీసు ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోకూడదు.

పిల్లని పై బెర్తు ఎంచుకోమన్నాను. కింద బెర్తు కోసం కొట్టుకుంటారు గానీ, ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకి పైదే మేలని నా అభిప్రాయం. కూర్చుంటామని ఎవరూ రారు, పది గంటల దాకా మధ్య బెర్తు వేయడానికి ఎదురుచూడక్కర్లేదు. 45 దాటిన నాలాంటి వాళ్లకి ఖాళీ ఉంటే కంప్యూటరే కింద బెర్తు ఇస్తుంది. వయసు పెరిగినందుకు రైల్వే నాకిచ్చిన రాయితీ ఇదొక్కటే. మా అమ్మకి 58 దాటాక చార్జీలో సగం తగ్గేది. 2020 మార్చిలో అది తీసేశారు. అప్పటి నుంచి నెలకి ఐదొందలు 'అమ్మ రైలు' అని వేరే ఖాతాలో వేస్తున్నాను. లేకపోతే ఆవిడ రాకపోకలు చార్జీ చూసి తగ్గిపోయేలా ఉన్నాయి.

టికెట్టు కొంటూ బీమా గడి దగ్గర పిల్ల ఆగింది. "45 పైసలట, పెట్టనా?" పెట్టమన్నాను. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే ఖర్చుకి 2 లక్షల దాకా. నేను ఏళ్ల తరబడి ఈ గడిని వదిలేశాను, అశుభమనిపించి. అదే నేను ఎండోమెంటు పాలసీకి ఏడాదికి పన్నెండు వేలు కట్టడం అశుభమనుకోలేదు! గడి పెట్టడంతో పనైపోదు. తర్వాత ఫోన్‌కి ఒక లింకు వస్తుంది, దాంట్లో నామినీ పేరు రాయాలి. చాలామంది అది తెరవరు.

చిల్లర సంగతి. పదులూ ఇరవైలూ ఓ రెండొందలు చేతి దగ్గర, మిగతాది లోపలి జేబులో. రైలు కదులుతున్నప్పుడు సిగ్నలు పోయి యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, టీ అబ్బాయి పక్క పెట్టెకి వెళ్లిపోతాడు. లీటరు రైల్ నీర్ ధర 2025 సెప్టెంబరులో పదిహేను నుంచి 14కి తగ్గింది. ఆ ఒక్క రూపాయి తిరిగిచ్చే చిల్లర మాత్రం నాకింతవరకూ ఏ ప్లాట్‌ఫామ్ మీదా కనిపించలేదు. గొలుసూ తాళం ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. స్టేషన్లో కొంటే రెట్టింపు. కింది బెర్తు అడుగున గొలుసు వేసే రింగు ఉంటుంది.

దిగేది ఏ స్టేషనో కూడా చూడమన్నాను. పోయినేడాది సికింద్రాబాదే కదా అనుకుని ఇంకో రైలు టికెట్టు కొన్నాను. తీరా చూస్తే అది చర్లపల్లి దాకానే. కొత్త టెర్మినల్, 2025 జనవరిలో తెరిచారు, చూడ్డానికి విమానాశ్రయంలా ఉంది. అక్కణ్ణుంచి కూకట్‌పల్లికి తెల్లవారుజామున ఆటోకి 650 ఇచ్చాను. స్లీపర్ చార్జీ కన్నా ఎక్కువ! సికింద్రాబాదులో దిగితే ఆరింటి దాకా వెయిటింగ్ హాల్లో కూర్చుని మొదటి మెట్రో ఎక్కొచ్చు. ఎంత దూరం వెళ్లినా వంద లోపే. ఆటోవాళ్లు అయిదింటికి అడిగేది ఆరున్నరకి అడగరు.

ఈ పేజీలన్నీ తిరగేస్తుంటే ఒక పద్దు దగ్గర చెయ్యి ఆగింది. మొదటి పుస్తకాల్లో ప్రతి ప్రయాణం చివరా ఒకే పద్దు: 'గోదారికి 1.' మా నాన్న అలవాటది. రాజమండ్రి వంతెన మీద చప్పుడు మారగానే కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరేవారు. లెక్కల మనిషి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ వేసేవారు. నేనూ వేశాను, పద్దులోనూ రాశాను. కొన్నేళ్ల తర్వాత కొన్ని పేజీల్లో ఆ పద్దు లేదు. కారణం వెతికితే, అవన్నీ ఏసీ ప్రయాణాలు. అద్దం తెరుచుకోదు.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఫోన్ మోగింది. వెనక నుంచి వంతెన గడగడలు వినిపిస్తున్నాయి.

"అత్తా, తాతయ్య రూపాయి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ కిటికీ తీయరటగా!"

"తలుపు దగ్గరికి మాత్రం వెళ్లకు."

"వెళ్లన్లే. మరి దీన్నేం చేయను?"

"పుస్తకంలో రాసి పెట్టుకో."

"ఏమని?"

"గోదారికి బాకీ ఒక రూపాయని. తిరిగొచ్చేటప్పుడు స్లీపరే కదా."